తాతయ్య చాకుకు కొత్త పిడి: పాత మడత చాకును బాగుచేసే పూర్తి విధానం

మా తాతయ్య తపాలా శాఖలో పార్సిళ్లు చూసేవారు. పురికొస తెంచడానికి, అంటుకుపోయిన లక్క గీకడానికి, మధ్యాహ్నం జామకాయ కోసుకోవడానికి ఆయన జేబులో ఒకటే చాకు ఉండేది. ఆయన పోయాక అది మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పదిహేనేళ్లు పడి ఉంది. పోయిన చలికాలంలో తీసి చూస్తే బ్లేడు కదలలేదు. ఒక వైపు పిడి చెక్క నిలువునా చీలి ఉంది. రెండో వైపు చెక్కే లేదు, చిలుము పట్టిన ఇత్తడి రేకు పచ్చగా కనిపిస్తోంది.

దాన్ని మళ్లీ వాడుకలోకి తేవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత హైదరాబాదు జుమేరాత్ బజారులో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన మరికొన్ని పాత చాకులను కూడా బాగుచేశాను. ఆ పనిలో తెలిసిందంతా ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఒక్క మాట మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. పిడి ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అరగదీసిన ఉక్కు మాత్రం తిరిగి రాదు. ఎక్కడ సందేహం వచ్చినా తక్కువ గీకే దారినే ఎంచుకోండి.

మొదట చాకును చూడండి

మడత చాకులో భాగాలు కొన్నే. బ్లేడు, అది తిరిగే ఇరుసు చీల, వీపు వెంట ఉండే స్ప్రింగు, లోపల రెండు ఇత్తడి రేకులు, ముందు వైపు (కొన్నింటికి వెనక కూడా) లోహపు దిమ్మలు, పైన రెండు పిడి చెక్కలు, అన్నిటినీ పట్టి ఉంచే చీలలు. ఆ దిమ్మలను పనివాళ్లు బోల్‌స్టర్లు అంటారు. పాత చాకుల్లో అవి ఎక్కువగా జర్మన్ సిల్వరువి. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెలు, జింకు కలిసిన లోహం.

బ్లేడు మొదట్లో, ఇరుసుకు దగ్గరగా మందంగా ఉండే భాగాన్ని మడమ అందాం. దాని కింద చిన్న బొడిపె ఉంటుంది. చాకు మూసినప్పుడు ఆ బొడిపె స్ప్రింగు మీద ఆనుకుంటుంది కాబట్టే పదును లోపల దేనికీ తగలదు. ఈ బొడిపెకు ఆకురాయి తగలనివ్వకండి. అది అరిగితే చాకు మూసిన ప్రతిసారీ వాదర (పదునైన అంచు) వెళ్లి స్ప్రింగుకు కొట్టుకుంటుంది.

మడమ మీద ముద్ర ఉందేమో భూతద్దంతో వెతకండి. మన ప్రాంతపు పాత ఇళ్లలో దొరికే చాకుల్లో ఇంగ్లండులోని షెఫీల్డు నుంచి వచ్చినవి కొన్ని ఉంటాయి. నక్షత్రం, పక్కనే మాల్టా శిలువ ఉంటే అది జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ గుర్తు. దేశం పేరుగా ‘ఇంగ్లండ్’ అన్న మాట ఉంటే చాకు చాలావరకు 1890 తర్వాతిదే. అమెరికాలో అమ్మే విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది ఆ ఏడాదే. ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే 1913 తర్వాతిది. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారుచేసిన సంవత్సరం అది. ముద్ర సగం చెరిగిపోయి ఉన్నా దాని మీద ఉప్పు కాగితం పెట్టకండి.

ముద్ర లేకపోతే మడమ దగ్గర ఒక నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. బూడిదరంగు మచ్చ పడితే అది మామూలు కార్బన్ ఉక్కు. పడకపోతే స్టెయిన్‌లెస్. అయస్కాంతం ఇక్కడ ఉపయోగపడదు, రెంటినీ పట్టుకుంటుంది.

పిడి దేనితో చేశారో కూడా చూడండి. ఎముకైతే దగ్గరగా చూసినప్పుడు సన్నని నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి. పచ్చబడి, పగుళ్లిచ్చి, కర్పూరం వాసనో పుల్లటి వాసనో వస్తుంటే అది సెల్యులాయిడ్. అది పాతబడే కొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతూ పక్కనున్న ఉక్కును తినేస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అలాంటి పిడిని తీసేయాల్సిందే. దాని దగ్గర వేడి, నిప్పు ఉండకూడదు. ఏనుగు దంతం, జింక కొమ్ము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. వాటిని కొనకండి, అమ్మకండి, కొత్త పిడికోసం వెతకకండి.

ఎంత దాకా విప్పాలి?

కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. చాకు చేతికి రాగానే మొత్తం ఊడదీయాలనిపిస్తుంది. ఇరుసు గట్టిగా ఉండి, స్ప్రింగు బాగా పనిచేస్తుంటే ఇరుసు చీల జోలికి వెళ్లకండి. దాన్ని తీసి మళ్లీ బిగించడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. చెక్కలు మార్చడానికి దానితో అవసరం లేదు.

బ్లేడు పక్కలకు ఊగుతుంటే కూడా విప్పనక్కర్లేదు. చాకు మూసి, ఒక వైపు బోల్‌స్టరును దాగలి మీదో రైలుపట్టా ముక్క మీదో ఆనించి, రెండో వైపు ఇరుసు చీల తల మీద వంద గ్రాముల సుత్తితో పది పన్నెండు సార్లు తేలికగా తట్టండి. తిప్పి రెండో వైపూ తట్టండి. రెండు మూడు దెబ్బలకొకసారి బ్లేడు తెరిచి చూడండి. బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది, దాటిందంటే బ్లేడు కదలదు.

స్ప్రింగు విరిగిన చాకు వేరే కథ. కొత్త స్ప్రింగు కోసి, గట్టిపరిచి, నీలిరంగు వచ్చేదాకా కాల్చి నెమ్మదింపజేయాలి. మొదటి ప్రయత్నానికి అలాంటి చాకు తీసుకోకండి.

తుప్పు వదిలించడం

బ్లేడు కదలకపోతే బలవంతం చేయకండి. గోరు పెట్టి తెరిచే గాడి దగ్గర బ్లేడు విరిగేది అలాగే. ఒక గాజు సీసాలో కిరోసిన్ పోసి చాకును రాత్రంతా, కావాలంటే రెండు రోజులు నానబెట్టండి. సెల్యులాయిడ్ పిడి ఉంటే ముందే తీసేయండి. నానాక పళ్లు తోమే పాత బ్రష్షుతో సందులు రుద్ది, బ్లేడును ఒక గుడ్డ మడతతో పట్టుకుని కొద్ది కొద్దిగా ఆడించండి.

మా తాతయ్య చాకు రెండో రోజు తెరుచుకుంది. మడమ పక్కన, స్ప్రింగు తల ఆనే చోట ఎర్రగా ఏదో గట్టిగా అంటుకుని ఉంది. తుప్పనుకున్నాను. సూదితో కదిపితే గింజంత ముక్క ఊడి తెల్ల కాగితం మీద పడింది. ముదురు ఎరుపు, ఒక వైపు నున్నగా మెరుస్తోంది. పార్సిల్ లక్క. కిరోసిన్‌కు కరగలేదు, స్పిరిట్ గుడ్డ తగిలించగానే ఎర్రటి చార వదిలింది. మిగతా లక్కను స్పిరిటుతో తుడిచేశాను, ఆ ఒక్క గింజను మాత్రం అగ్గిపెట్టెలో దాచాను.

నలుపు, నీలం, బూడిదరంగు మచ్చలు చూసి కంగారుపడకండి. అది ఏళ్ల తరబడి వాడకం వల్ల ఉక్కు మీద ఏర్పడిన పొర. అది తుప్పును కొంత అడ్డుకుంటుంది కూడా. దాన్ని ఉంచేయండి. పోవాల్సింది ఎర్ర తుప్పు ఒక్కటే. కాస్త నూనె వేసి నాలుగు సున్నాల సన్న స్టీల్ ఊలుతో రుద్దితే చాలావరకు పోతుంది. ఇంకా మిగిలితే 600 నంబరు వాటర్ పేపరును ఒక చదునైన చెక్కముక్కకు చుట్టి, మడమ నుంచి మొన వైపు ఒకే దిశలో లాగండి. తర్వాత 1000, 2000. గుంటలు పడిన చోట గుంట అడుగు దాకా అరగదీయాలని చూడకండి. గుంటల్లోని తుప్పు పోతే చాలు.

వెనిగరులో నానబెట్టమని చాలామంది చెబుతారు. చాకు నుంచి విడదీసిన బ్లేడుకు అరగంట సరిపోతుంది. వెంటనే వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, ఆరబెట్టి నూనె రాయాలి. విప్పని చాకును మాత్రం వెనిగరులో వేయవద్దు. సందుల్లో చిక్కిన ఆమ్లం ఆ తర్వాత నెలల తరబడి లోపల తింటూనే ఉంటుంది. ఇత్తడికి మన ఇళ్లలో చింతపండే మందు. రేకుల మీది చిలుముకు అది చక్కగా పనిచేస్తుంది, ఉక్కుకు తగలకుండా చూసుకుని వెంటనే కడిగేయండి.

ఇంకో హెచ్చరిక. నేను కొన్న రెండో చాకును రోడ్డు పక్క మోటారు సాన మీద పెట్టించాను. క్షణంలో నిప్పురవ్వలు, మొన దగ్గర నీలిరంగు. ఆ నీలం వచ్చిందంటే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీల వేడి చూసిందని అర్థం. వాదరకు కావలసిన గట్టిదనం అంతకుముందే పోతుంది. ఆ చాకు మొన ఈరోజుకీ రెండు పళ్లు కోసేసరికి మొద్దుబారుతుంది. చేత్తోనే పనిచేయండి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఉక్కు ముద్దలను ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కువెళ్లేవారు. ఉక్కు విలువ ఎరిగిన నేల మనది. పాత బ్లేడును మోటారు చక్రానికి అప్పగించడం నాకు మనసొప్పదు.

కొత్త పిడికి కర్ర

కర్ర గట్టిగా, సన్నని పోగుతో, పూర్తిగా ఎండి ఉండాలి. జిట్రేగి మొదటి ఎంపిక. ముదురు గోధుమ, ఊదా చారలతో అందంగా ఉంటుంది, మెరుగు బాగా పడుతుంది. దాని పొడి ఊపిరికి మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. తునికి చేవ దొరికితే అదృష్టం, దాదాపు నల్లగా ఇనుములా ఉంటుంది. నల్లతుమ్మ చేవ కూడా మేలు. మన ఊళ్లలో గొడ్డలి కామకు, బండి చక్రాలకు వాడింది అదే. టేకు మెత్తన, నూనెతనం ఎక్కువ. అతుకు పట్టాలంటే ముందు అసిటోనుతో తుడవాలి. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్ర బొమ్మలకే తగినది, చాకు పిడికి చాలా మెత్తన. రక్తచందనం జోలికి వెళ్లకండి, దాని చుట్టూ ఉన్న చట్టపు చిక్కులు చాకు పిడికి అక్కర్లేదు.

నేను ఎంచుకున్నది చింత చేవ. తాతయ్య ఊళ్లో కూలగొట్టిన పాత ఇంటి రోకలి ముక్క అది. ఊదారంగు కలిసిన ముదురు గోధుమ, ఆకురాయి కూడా జారేంత గట్టి. మీ ఇంట్లో పాత గుమ్మం ముక్క, విరిగిన కవ్వం, రోకలి ఉంటే ముందు వాటిని చూడండి. దశాబ్దాలు ఎండిన కర్ర టింబర్ డిపోలో అంత సులువుగా దొరకదు. కొత్త కర్ర తెస్తే, కోసిన పలకలను చాకు ఉండబోయే గదిలోనే ఒకటి రెండు నెలలు ఉంచండి. హైదరాబాదు మే నెల ఎండకు పచ్చికర్ర ముడుచుకుని బోల్‌స్టర్ దగ్గర సందు ఇస్తుంది. గేదె కొమ్ము కూడా మంచిదే కానీ ఎండాకాలం పొరలు విడిపోతుంది, నూనె రాస్తూ ఉండాలి.

మిగతా సామాను సికింద్రాబాదు రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒక్క పూటలో దొరుకుతుంది: 2 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, అదే కొలత డ్రిల్ బిట్లు రెండు మూడు (విరుగుతాయి), చిన్న సీ క్లాంపులు, సన్న ఆకురాళ్లు, 120 నుంచి 2000 దాకా కాగితాలు, నెమ్మదిగా గట్టిపడే అరల్డైట్ జిగురు. అయిదు నిమిషాల రకం తీసుకోకండి. మన ఎండల్లో చెక్క సర్దుకునే లోపే బిగిసిపోతుంది.

పాత చెక్కలు తీయడం

చాకు మూసి, బ్లేడు వీపు మీదుగా రెండు చుట్లు టేపు వేయండి. పాత చీల తలలను ఆకురాయితో చెక్క మట్టానికి అరగదీసి, నడుమ చిన్న గుంట కొట్టి, సన్న పంచితో లోపలికి తట్టండి. కింద ఒక చెక్కదిమ్మకు కన్నం చేసి ఆ కన్నం మీద చీల వచ్చేలా పెడితే రేకు వంగదు.

నడుమ చీల అసలైనది. అది రెండు చెక్కలనూ, స్ప్రింగునూ కలిపి పట్టుకుంటుంది. దాన్ని తీయగానే స్ప్రింగు నడుము కాస్త బయటికి లేస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు కన్నాలు కలవవు. సీ క్లాంపుతో స్ప్రింగును మెల్లగా లోపలికి నొక్కి, సన్నగా మొన తీసిన మేకును కన్నంలోంచి దూరిస్తే అన్నీ ఒక వరసలోకి వస్తాయి. కళ్లద్దాలు పెట్టుకోండి. స్ప్రింగు ఎగిరే వైపు ముఖం ఉంచకండి.

చెక్కలు కోసి అమర్చడం

ఒకే ముక్కను పొడవునా రెండుగా చీల్చి, 4 మిల్లీమీటర్ల మందాన రెండు పలకలు చేయండి. అప్పుడు రెండు వైపులా పోగు ఒకేలా కనిపిస్తుంది. లోపలి ముఖాలు గాజు మీద పరిచిన కాగితంపై రుద్ది చదును చేయండి.

ఇక్కడి నుంచి తొందర వద్దు. ముందు బోల్‌స్టరుకు ఆనే అంచు ఒక్కటే తీర్చండి. మిగతా ఆకారమంతా పెద్దదిగానే వదిలేయండి. అంచును బోల్‌స్టరుకు ఆనించి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టండి. వెలుగు గీత కనిపించిన చోట కాదు, కనిపించని చోట రుద్దాలి. అక్కడే కర్ర ఎక్కువగా ఉంది. రెండు లాగుళ్లు, మళ్లీ చూడటం, మళ్లీ రెండు లాగుళ్లు. నాకు ఒక్కో అంచుకు గంట పట్టింది. చివరికి వెలుగు పూర్తిగా ఆగిపోయినప్పుడు చెక్క బోల్‌స్టరులోంచే మొలిచినట్టు ఉంటుంది. వీలైతే సాలార్‌జంగ్ మ్యూజియంలో బాకుల గదికి వెళ్లి, పిడీ లోహమూ కలిసే గీతలను ఒకసారి చూసి రండి. పని ఎక్కడ దాకా తీసుకెళ్లవచ్చో కంటికి అర్థమవుతుంది.

చెక్కను రేకుకు బిగించి, రేకులో ఉన్న కన్నాన్నే దారిగా చేసుకుని డ్రిల్ చేయండి. విప్పని చాకుకు నడుమ చీల కన్నం ఒక్కటే ఆరపార పోతుంది. ఒక చెక్క డ్రిల్ చేసి, చీల దూర్చి, అప్పుడు రెండో చెక్క. కర్ర బయటి ముఖం పగలకుండా కింద పనికిరాని చెక్కముక్క పెట్టండి. రేకుల్లో మిగిలిన కన్నాలకు లోపల తల పరచడానికి వీలుండదు కాబట్టి, అక్కడ కురుచ చీలలు అతుకుతోనే నిలవాలి.

అతికించే ముందు రేకును 120 కాగితంతో గీతలు పడేలా రుద్ది స్పిరిటుతో తుడవండి. బ్లేడు మడమకూ, స్ప్రింగుకూ వ్యాసలీన్ పూయండి. కారిన అతుకు వాటికి పట్టదు. బ్లేడు దూరే గాడిలో మైనం రుద్దిన అట్టముక్క పెడితే కురుచ చీలలు లోపలికి పొడుచుకురావు. అరల్డైట్ రెండు గొట్టాలూ సమపాళ్లలో తీసి బాగా కలిపి, పల్చగా రాసి, క్లాంపు మెల్లగా బిగించండి. గట్టిగా బిగిస్తే అతుకంతా బయటికి వచ్చి లోపల ఏమీ మిగలదు. బోల్‌స్టరు గీత దగ్గర పొంగినదాన్ని అప్పుడే స్పిరిటు తడిపిన పుల్లతో తీసేయండి. 24 గంటలు ముట్టుకోకండి.

చీల తలలు పరచడం

నడుమ చీలను రెండు వైపులా మిల్లీమీటరు చొప్పున పైకి ఉండేలా కోయండి. చెక్క కన్నం అంచును కొద్దిగా పల్లం చేస్తే తల అందులో కూర్చుంటుంది. గుండ్రటి ముఖమున్న చిన్న కంసాలి సుత్తితో నడుమ నుంచి చుట్టూ, చినుకుల్లా తేలికగా కొట్టండి. పది దెబ్బలు ఈ వైపు, తిప్పి పది ఆ వైపు. పెద్ద దెబ్బ వేస్తే చీల కన్నం లోపల ఉబ్బి చెక్కను చీలుస్తుంది. ఆ చీలిక మర్నాటిదాకా కనబడకపోవచ్చు. నా మొదటి చెక్క అలాగే పోయింది, మళ్లీ కోసుకోవాల్సి వచ్చింది.

ఆకారం, మెరుగు

ముందు ఆకురాయితో చెక్కను రేకు అంచుల దాకా తీసుకురండి. తర్వాత బోల్‌స్టరు మట్టానికి దించండి. తీర్చేటప్పుడు మధ్యమధ్య చాకును గుప్పిట్లో పట్టి చూడండి. ఎక్కడ గుచ్చుకుంటుందో కంటికంటే అరచేతికి ముందు తెలుస్తుంది. 120తో మొదలుపెట్టి 220, 400, 600. ఇత్తడి పొడి లేతరంగు కర్ర పోగుల్లోకి దిగి మురికి చేస్తుంది, ప్రతి కాగితం మార్పుకూ స్పిరిటు గుడ్డతో తుడవండి.

నూనెకు అవిసె నూనె వాడాను. పల్చగా రాసి, పావుగంటకు తుడిచేసి, రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ, ఇలా నాలుగు సార్లు. కొబ్బరినూనె ఆరదు, జిడ్డుగా మిగిలి వాసన పడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరవేసి, తర్వాత పారేయండి.

పదును

సానరాయి 1000 ఉంటే చాలు, బ్లేడు బాగా మొద్దుబారి ఉంటే ముందు 400. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం. రాయి మీద బ్లేడు వీపు కింద రెండు రూపాయి నాణేలు పట్టేంత ఎత్తు అనుకుంటే చిన్న చాకుకు సుమారుగా సరిపోతుంది. ఒక వైపే రుద్దుతూ, రెండో వైపు వాదర మీద బొటనవేలిని అడ్డంగా (పొడవునా కాదు) జరిపి చూడండి. సన్నని గరుకు అంచు తగిలితే ఆ వైపు పని అయినట్టు. తిప్పి రుద్దండి. చివర్లో పాత తోలు బెల్టు లోపలి ముఖం మీద, వాదర వెనక్కి లాగుతూ ఇరవై సార్లు.

ఇరుసులో కుట్టుమిషను నూనె ఒక చుక్క. పళ్లు కోసే బ్లేడుకు మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ పల్చగా రాయండి. వాడకుండా పెట్టెలో దాచే చాకైతే మన పెద్దలు కొడవళ్లకు రాసినట్టు ఆముదం రాయవచ్చు. వానాకాలం నెలకొకసారి తీసి తుడవండి. తోలు ఒరలో పెట్టి మరిచిపోకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. చిన్న జేబు చాకుకు ఆయుధ చట్టపు లైసెన్సు అడిగే కొలతలు వర్తించవు. ఆ నియమాలు 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న ఆయుధాల గురించి. అయినా మెట్రోలో, విమానాశ్రయంలో, గుంపులున్న చోట సంచిలో ఉండకూడదు. ఇంట్లోనే ఉంచండి.

తాతయ్య చాకుతో మొదట కోసింది పుల్ల మామిడికాయ. అయిదు నిమిషాలకు వాదర వెంట నీలి, ఊదా చార పాకింది. తుడిచి, నూనె రాసి, అగ్గిపెట్టెలోని లక్క గింజ పక్కనే పెట్టాను.